రొయ్యల మేత బస్తాలకి రోబో: ఒక సేల్స్ ఇంజినీరు ప్రాజెక్టు డైరీ

2025 మే, మూడో వారం

మెయిల్‌లో ఉన్నది ఒక్కటే వాక్యం: గంటకు 800 బస్తాలు ప్యాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క బల్ల) మీద పేర్చే రోబోకి కొటేషన్ పంపగలరు. పంపింది భీమవరం దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీ వాళ్లు. ఆ ఒక్క అంకె పట్టుకుని హైదరాబాద్‌లో కూర్చునే ధర రాసి పంపేయొచ్చు. మాతో పోటీలో ఉన్న ఇంకో ఇంటిగ్రేటర్ (మాలాగే రోబోలని లైనుకి అమర్చి ఇచ్చే కంపెనీ) అలాగే పంపేశాడని తర్వాత తెలిసింది. లైను చూడకుండా రాయనని చెప్పి నేను నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మే అంటే వాళ్లకి ఊపిరి సలపని నెల. మొదటి పంట చెరువుల్లో ఉంటుంది, మేత లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. ప్లాంట్ మేనేజర్ గారు నాతో మాట్లాడుతూనే మూడు ఫోన్లు ఎత్తారు. "మీరు చూసుకోండి, ఏం కావాలన్నా సూపర్‌వైజర్ని అడగండి" అని వదిలేశారు. నాకు కావలసిందీ అదే. పక్కన పెద్దాయన నిలబడితే లైను మామూలుగా నడవదు.

ప్యాకింగ్ లైన్లు రెండు. ఒక్కో దానికీ పైన కాటా, కింద సంచి నోరు తొడిగే మనిషి, ఆ తర్వాత కుట్టు మిషను, దాని తర్వాత బెల్టు. బెల్టు చివర హమాలీలు బస్తాని భుజానికెత్తుకుని గోడౌన్‌లోకి నడుస్తారు, లోపల ఇంకొకరు నెట్టు కడతారు, అంటే ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. బస్తా 25 కిలోలు. చేపనూనె వాసన చొక్కాకి పట్టి హైదరాబాద్ దాకా వస్తుంది, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

800 ఎక్కడి నుంచి వచ్చిందో కాటా మీది పేరు పలక చూశాక అర్థమైంది. ఒక్కో కాటా గంటకు 400. రెండు నాలుగులు ఎనిమిది. స్టూలు వేసుకుని కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. లైను ఊపు మీద ఉన్నప్పుడు బస్తాకీ బస్తాకీ మధ్య 9 సెకన్లే, పలక అబద్ధం చెప్పట్లేదు. కానీ దారం తెగుతుంది. దారం రీలు అయిపోతుంది. రెండో నంబరు మేత నుంచి మూడో నంబరుకి (నంబరంటే గుళిక సైజు) మారితే బిన్ను ఖాళీ చేసి, సంచుల కట్ట మార్చాలి. షిఫ్టు మొత్తానికి సగటు తీస్తే ఒక్కో లైను 310, 330 మధ్యే తిరుగుతోంది. డిస్పాచ్ రిజిస్టరు అడిగి తెప్పించుకుని పాత నెలలతో కూడా సరిచూశాను. రెండు లైన్లూ కలిసి గంటకు 640కి మించిన షిఫ్టు అందులో అరుదు.

బయల్దేరే ముందు మేనేజర్ గారికి ఈ లెక్క చూపించాను. ఆయన నవ్వారు. "తెలుసండీ. కానీ మీ రోబో వల్ల మా లైను ఆగిందని రేపు అనిపించుకోకూడదు కదా, అందుకే పెద్ద నంబరు రాశాం." నిజాయితీ గల మాట. అయితే ఆ పెద్ద నంబరుకి ధర కూడా పెద్దదే ఉంటుందని నేను గుర్తుచేయాల్సి వచ్చింది.

జూన్

నిండు బస్తాలు కొన్ని మా వర్క్‌షాప్‌కి తెప్పించాం. రోబో కన్నా ముందు బస్తాని అర్థం చేసుకోవాలి. పైన పీత బొమ్మో రొయ్య బొమ్మో అచ్చేసిన బీఓపీపీ (ప్లాస్టిక్ ఫిల్మ్) పొర, కింద నేసిన పాలీప్రొపిలీన్. చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది, పట్టుకుంటే జారుతుంది.

మేనేజర్ గారు ఎక్కడో వీడియోలో వ్యాక్యూమ్ గ్రిప్పర్ (కప్పులతో గాలి పీల్చి సరుకుని పట్టుకునేది) చూశారు, అదే కావాలన్నారు. అట్టపెట్టెలకైతే అది బంగారం. మేత బస్తా విషయం వేరు. లోపల సన్నటి గుళికలు, బస్తా ఒక్కోసారి ఒక్కో ఆకారంలో ముడతలు పడుతుంది, ముడత సందులోంచి గాలి దూరి పట్టు పోతుంది. దానికి తోడు నూనె కలిసిన సన్నటి పొడి కప్పుల అంచుకి పేరుకుంటుంది. పెట్టి చూపించాం, వీడియో తీసి పంపాం. మూడోసారి ఎత్తినప్పుడు బస్తా గాల్లోనే ఒక పక్కకి ఒరిగి, ఊడి కింద పడింది. ఆ వీడియోకి జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది, అంతటితో వ్యాక్యూమ్ మాట మళ్లీ రాలేదు.

మిగిలింది వేళ్ల గ్రిప్పర్. రోలర్ల సందుల్లోంచి రెండు వైపులా వేళ్లు కిందకి దూరి బస్తాని ఒడిసిపట్టి, పైనుంచి ఒక పలక నొక్కి ఉంచుతుంది. దీనికి షరతు ఏమిటంటే బస్తా ఎప్పుడూ ఒకే చోట, ఒకేలా పడుకుని ఉండాలి. కుట్టు మిషన్ నుంచి బస్తా నిలబడి వస్తుంది కాబట్టి దాన్ని పడుకోబెట్టే ఏర్పాటు, పడుకున్నాక చదును చేసే ఏర్పాటు, బారు సరిచేసే గైడ్లు, చివర వేళ్లు దూరేంత ఎడం ఉన్న రోలర్ కన్వేయర్ కావాలి. ధర పట్టికలో రోబో ఒక వరస, ఇవన్నీ కలిపి ఆరు వరసలు. కస్టమర్ కళ్లు ఎప్పుడూ రోబో వరస మీదే ఉంటాయి.

చదును చేసే దగ్గర ఒక మెలిక. సిమెంటు బస్తాకైతే రోలర్లతో గట్టిగా నొక్కేస్తారు. రొయ్యల మేతకి అలా చేయకూడదు. గుళిక నలిగితే పొడి వస్తుంది, పొడిని రొయ్య తినదు, చెరువు అడుక్కి చేరి నీటిని పాడుచేస్తుంది. రైతు సంచి విప్పి చేత్తో తీసి ఊది చూస్తాడు, అరచేతికి పొడి అంటితే డీలర్‌కి ఫోన్ చేస్తాడు. అందుకని రోలర్ల బదులు పైన కిందా బెల్టులు పెట్టి, మెల్లగా ఒత్తిడి ఇచ్చే రకం రాశాం. నొక్కకముందు, నొక్కాక జల్లెడ పట్టి పొడి తూకం వేసి వాళ్ల క్వాలిటీ అమ్మాయికి రిపోర్టు పంపాం. కొటేషన్ కన్నా ఆ ఒక్క కాగితమే మాకు ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. అప్పటిదాకా ఫోన్ ఎత్తని క్వాలిటీ విభాగం ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసింది.

కొలతలు. చదును చేశాక బస్తా పొడవు 600 మి.మీ.కి అటూ ఇటూ, వెడల్పు 400, మందం 165 దాకా. ఇది అదృష్టం. 1200 × 1000 ప్యాలెట్ మీద వరసకి ఐదు బస్తాలు ఇమిడిపోతాయి: మూడు అడ్డంగా, రెండు పొడవుగా. తర్వాతి వరస తిరగేసి వేస్తే ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. ఎనిమిది వరసలకి 40 బస్తాలు, సరిగ్గా ఒక టన్ను. స్టాకు రాసుకునేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన లెక్క లేదు.

జారుడు సంగతి తేల్చడానికి ఎనిమిది వరసలు పేర్చి, ఫోర్క్‌లిఫ్ట్ మీద ఎత్తి, నడుస్తూ ఉండగా గట్టిగా బ్రేకు వేయించాం. తిరగేసి పేర్చినా సరే, పై రెండు వరసలూ జానెడు ముందుకొచ్చాయి. డ్రైవరు దిగి ఒక్కో బస్తా చెవి పట్టుకుని వెనక్కి లాగుతూ "ఇది అద్దం మీద అద్దం పెట్టినట్టుంది సార్" అన్నాడు. సంచి తయారుచేసేవాళ్లు జారకుండా పైన గరుకు గీతలు అచ్చువేసి ఇస్తారు, సంచికి కొద్ది పైసలు ఎక్కువ. ఆ మార్పు వాళ్లు చేసుకోవాలని కొటేషన్‌లో స్పష్టంగా రాశాను. అది మా సరఫరా కాదు, కానీ అది లేకుండా మా సరఫరా నిలబడదు.

జూలై

లేఅవుట్. రెండు లైన్ల మధ్య ఒక రోబో, రెండు ప్యాలెట్ స్థానాలు. లైను ఒకదాంట్లో రెండో నంబరు, ఇంకోదాంట్లో మూడో నంబరు నడుస్తాయి కాబట్టి ప్యాలెట్లు కలవకూడదు.

ముందు 110 కిలోలు ఎత్తే రోబోల తరగతి చూశాం. ఏబీబీ కంపెనీ ఐఆర్‌బీ 460 దానికి మంచి ఉదాహరణ, చేయి చాపు 2.4 మీటర్లు, రోబో సొంత బరువు 925 కిలోలు. బరువెత్తడంలో ఇబ్బంది లేదు, బస్తా 25, గ్రిప్పర్ 50 లోపు. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో పెడితే దూరంగా ఉన్న ప్యాలెట్ మూల దగ్గర చేయి పూర్తిగా చాచుకుని కష్టపడుతోంది. అందుకే పెద్దన్న ఐఆర్‌బీ 660కి మారాం: 180 కిలోలు ఎత్తుతుంది, చాపు 3.15 మీటర్లు, సొంత బరువు టన్నున్నర పైనే. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి "25 కిలోల బస్తాకి 180 కిలోల రోబో ఎందుకు సార్" అని అడిగాడు. కస్టమర్ కూడా అదే అడుగుతాడు. బరువు కోసం కాదు, చాపు కోసం కొంటున్నాం అని గీసి చూపించాలి. కేటలాగ్‌లో గంటకు ఎన్ని సైకిళ్లో రాసి ఉండేది ఒక ఆదర్శ దారి మీద: ఇంత పైకి, ఇంత పక్కకి, ఇంత కిందకి. మన గోడౌన్‌లో స్తంభం అడ్డొస్తుంది, ఎనిమిదో వరస మీదుగా ఎక్కి దిగాలి. సిమ్యులేషన్‌లో సగటు 5 సెకన్లు వచ్చింది, అంటే గంటకు 720.

పేరు పలక లెక్కన 800 కావాలంటే ఒకేసారి రెండు బస్తాలు ఎత్తే గ్రిప్పర్ పెట్టాలి. వరసకి ఐదు కాబట్టి రెండు, రెండు, ఒకటి. గ్రిప్పర్ బరువు దాదాపు రెట్టింపు, వేళ్లు రెట్టింపు, సిలిండర్లు రెట్టింపు, చెడే చోట్లూ రెట్టింపు. షిఫ్టులో ఎప్పుడో కాసేపు వచ్చే ఉద్ధృతి కోసం ఏడాదంతా బరువు మోయడం ఎందుకు? బదులుగా ఒక్కో లైనుకి మూడు బస్తాలు ఆగే బఫర్ కన్వేయర్ వేసి, షిఫ్టు సగటు మీద గంటకు 660 గ్యారంటీ ఇస్తానని రాశాను. పోటీదారు కొటేషన్‌లో 800 అని ఉంది. షిఫ్టు సగటా, ఒక నిమిషం పరుగా అన్నది అందులో లేదు.

ఈ నెలలో ఎక్కువ సమయం తిన్నది మాత్రం రోబో కాదు, గోడౌన్.

హమాలీ మేస్త్రీ గారితో టీ దుకాణం దగ్గర మాట్లాడాను. మేనేజర్ లేనప్పుడు. ఆయన ముందు అడిగింది ఇదే: "లారీకి ఎక్కిత్తదాండి మీ మిషను?" ఎక్కించదన్నాను. ఆయన మొహంలో కాస్త గాలి ఆడింది. వాళ్ల పని రెండు చోట్ల: బెల్టు నుంచి నెట్టుకి, నెట్టు నుంచి లారీకి. లారీ ఎక్కింపుకి కూలి ఎక్కువ. డీలర్ల దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ ఉండదు, పంపిన ప్యాలెట్ తిరిగి రాదు, కాబట్టి లారీలో బస్తాలు విడిగానే వెళ్లాలి. రోబో మొదటి పనిని తీసేస్తుంది, రెండోది ఎక్కడికీ పోదు. పైగా నెట్టు మీద ఎక్కి బస్తాలు దించే బదులు ప్యాలెట్ లారీ పక్కకే వచ్చి నిలబడుతుంది. ఇది చెప్పాక మేస్త్రీ గారు ఒక మంచి మాట పట్టుకున్నారు: "అయితే ప్యాలెట్టు మా నడుం ఎత్తులో ఆపించండి, వంగక్కర్లేకుండా." సిజర్ లిఫ్ట్ ఒకటి ఆప్షన్‌గా చేర్చాను. చివరకి ఆప్షన్లలో మిగిలింది అదొక్కటే.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు, ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పనిది. వాళ్లు నేల నుంచి దాదాపు కప్పు దాకా నెట్టు కడతారు. ప్యాలెట్లయితే ఒకదాని మీద ఒకటి, అంతే, మూడోది పెడితే కింద సంచులు నలుగుతాయి. ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి మూడున్నర మీటర్ల దారి కూడా వదలాలి. అంటే అదే గోడౌన్‌లో పట్టే సరుకు తగ్గిపోతుంది. రోబో అమ్మేవాడికి ఇది నోట్లోంచి రావడం కష్టమైన మాట, కానీ మొదటి పండగ సీజన్లో బస్తాలు వరండాలోకి వస్తే ఆ నింద రోబో మీదే పడుతుంది. గోడౌన్ డ్రాయింగ్ మీద ప్యాలెట్లు పరిచి ఎన్ని టన్నులు తగ్గుతాయో రంగు వేసి చూపించాను. మేనేజర్ గారు చాలాసేపు చూసి, పాత సరుకు ముందు వెళ్లే పద్ధతి వస్తుంది కాబట్టి తక్కువ నిల్వతో నెట్టుకొస్తామన్నారు. నెట్టు కింద ఇరుక్కుపోయి గడువు దగ్గరపడిన మేత వాళ్లకి ఏటా తలనొప్పేనట.

ఫెన్స్ గురించి పంచాయితీ. రోబో చుట్టూ కంచె, ప్యాలెట్ బయటకొచ్చే దారిలో లైట్ కర్టెన్ (మనిషి అడ్డొస్తే రోబోని ఆపే కిరణాల తెర) పెట్టాలి. ఎంత దూరంలో పెట్టాలన్నది నా ఇష్టం కాదు, ఐఎస్ఓ 13855 అనే యంత్ర భద్రతా ప్రమాణం లెక్క. మనిషి సెకనుకు 1600 మి.మీ. వేగంతో నడుస్తాడని తీసుకుంటారు. కర్టెన్ తెగిన క్షణం నుంచి రోబో పూర్తిగా ఆగేదాకా మొత్తం 0.6 సెకన్లు అనుకుంటే 960 మి.మీ. 30 మి.మీ. రిజల్యూషన్ (అంత సన్నటి అడ్డునైనా పసిగట్టే) కర్టెన్‌కి ఇంకో 128 కలపాలి. మొత్తం 1,088. వాళ్లు అడిగినట్టు చవకగా రెండు మూడు కిరణాల రకం పెడితే 128 బదులు 850 కలపాలి, 1,810 అవుతుంది, అప్పుడు కర్టెన్ సరిగ్గా స్తంభంలోకి వెళ్లి కూర్చుంటుంది. చవకది ఎందుకు కుదరదో ఇలా స్కేలు పెట్టి చూపిస్తే గొడవ ఉండదు. సూపర్‌వైజర్ గారు మాత్రం వదల్లేదు: "ఆయ్, ఒక తాడు కట్టి ఎర్రజెండా వేలాడదీస్తే సరిపోదాండి?" ఆ స్తంభం పక్క నుంచే టీ దుకాణానికి అడ్డదారి ఉంది. ఆ అడ్డదారి వాడేవాళ్లలో ఆయనా ఒకరు.

జూలై, చివర

అకౌంట్స్ గది. పెట్టుబడి ఎన్నాళ్లకి తిరిగొస్తుందన్న పట్టిక చాలామంది సేల్స్ వాళ్లు ఒకే నమూనాలో పంపుతారు: యంత్రం మీద 18 శాతం జీఎస్టీ క్రెడిట్ వస్తుంది కాబట్టి లెక్కలోంచి తీసేస్తారు. రొయ్యల మేతకి జీఎస్టీ లేదు. అమ్మే సరుకు మినహాయింపులో ఉంటే కొన్న యంత్రం మీద కట్టిన పన్నుకి క్రెడిట్ రాదు. కోటి రూపాయల సెల్ (రోబో, కన్వేయర్లు అన్నీ కలిపి) అయితే 18 లక్షలు నికరంగా ఖర్చే. నా పట్టికలో ఆ వరస విడిగా, ఎర్రరంగులో ఉంది. అకౌంటెంట్ గారు మొదట వెతికింది అదే. పోటీదారు పట్టిక కూడా ఆయన బల్ల మీదే ఉంది, అందులో ఆ వరస లేదు. ఆయన ఏమీ అనలేదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెన్నుతో గీత గీశారు.

ఇంకో తేదీ కూడా ఆయనే గుర్తుచేశారు. యంత్రం ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల సగమే, 15 శాతానికి బదులు ఏడున్నర. అంటే అక్టోబరు మొదట్లోగా నడవాలి. రోబో దిగుమతి, గ్రిప్పర్ తయారీ, పరీక్షలు అన్నీ కలిపితే నేను ఒప్పుకోలేని గడువు అది. ఒప్పుకోలేనని రాసి ఇచ్చాను. ఒప్పుకుంటే ఆర్డరు ఆ వారమే వచ్చేది, మా మేనేజర్ ఆ మాట నాకు రెండుసార్లు గుర్తుచేశారు.

ఆగస్టు, సెప్టెంబరు

2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27 నుంచి మొత్తం 50 చేసింది. మన రొయ్యకి అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే. కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధరలు) కదిలాయి, రైతులు రెండో పంటకి పిల్ల వేయాలా వద్దా అని ఆగారు, మేత కంపెనీల్లో కొత్త ఖర్చులన్నీ పక్కకెళ్లాయి. భీమవరం నుంచి ఫోన్ లేదు. నేనూ చేయలేదు. ఇలాంటప్పుడు "సార్, మన ఫైల్ ఎక్కడిదాకా వచ్చింది" అని అడగడమంత తెలివితక్కువ పని లేదు. ఈ మధ్యలో జీడిమెట్లలో ఒక మందుల కంపెనీకి అట్టపెట్టెల లైను కొటేషన్ పంపాను, అది వేరే కథ.

అక్టోబరు

పెద్దాయన, అందరూ రాజుగారు అని పిలిచే యజమాని, తనే ఫోన్ చేశారు. ప్రాజెక్టు ఉంది, కానీ తగ్గించాలి. ఈ సీజన్ అయిపోయాక చలికాలంలో బిగించాలి. తరుగుదల సగమే వస్తుందని అకౌంటెంట్ గారు చెప్పారట, "పోనీ, వచ్చే ఏడాది నుంచి పూర్తి శాతం వస్తుంది కదా" అన్నారట.

ముఖాముఖి కూర్చున్నాం. మొదటి ప్రశ్న నేను ఊహించనిది: "బాబూ, ఆ కంపెనీ రోబోల విభాగాన్ని అమ్మేశారంటగా? స్పేర్లు ఎవరిస్తారు?" ఆ వారమే ఏబీబీ తన రోబోటిక్స్ విభాగాన్ని జపాన్ సాఫ్ట్‌బ్యాంక్‌కి 537.5 కోట్ల డాలర్లకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. పేపరు చదివే కస్టమర్ మీద నాకు గౌరవం. ఈ రంగంలో ఇది కొత్త కాదని, జర్మనీ రోబో కంపెనీ కూకా ఎప్పటి నుంచో చైనా కంపెనీ మిడియా (Midea) చేతిలో ఉందని, రోబోలు ఆగలేదని చెప్పాను. దానికన్నా ఎక్కువ పనిచేసింది స్పేర్ల జాబితా: ఏవేవి ఇక్కడే వాళ్ల స్టోర్లో ఉండాలి, ఏవి మా దగ్గర ఉంటాయి. గ్రిప్పర్ మాదే కాబట్టి దాని డ్రాయింగులు కూడా ఇచ్చేస్తానన్నాను.

రెండో ప్రశ్న ప్రతి చోటా వచ్చేదే. "మా చుట్టుపక్కల ఎవరు పెట్టారు?" దీనికి అబద్ధం చెప్పకుండా జవాబు చెప్పడమే ఈ ఉద్యోగంలో కష్టం. 2024లో ప్రపంచమంతా కలిపి 5,42,000 పారిశ్రామిక రోబోలు బిగిస్తే మన దేశంలో దాదాపు 9,100. అందులో దాదాపు సగం బండ్ల పరిశ్రమలోనే. మిగిలినవి మందులు, ఎలక్ట్రానిక్స్, లోహాలు, అన్నీ పంచుకోవాలి. రొయ్యల మేత దాకా వచ్చేసరికి వేళ్ల మీద లెక్క. మా దగ్గర ఉన్నది ఒక పశువుల దాణా ఫ్యాక్టరీ, 50 కిలోల బస్తా. అక్కడికి తీసుకెళ్లాను. మాటలు తక్కువ చేసి, ఆయన్ని అక్కడి ఆపరేటర్ దగ్గర వదిలేసి నేను పక్కకి వెళ్లాను. ఆపరేటర్ ఏం చెప్పాడో తెలియదు, తిరుగు దారిలో రాజుగారు అడిగింది కంప్రెసర్ గాలిలో నీళ్లు వస్తే ఏమవుతుందని. అంటే అక్కడ అది జరిగిందన్నమాట. ఎయిర్ డ్రయ్యర్ అప్పుడే జాబితాలో చేరింది.

తగ్గించడం. ఆయన మొదట గీత కొట్టింది ఖాళీ ప్యాలెట్ల మ్యాగజైన్లని (ఖాళీ ప్యాలెట్లని ఒక్కొక్కటిగా తమంతట తామే అందించేవి). "మా ఫోర్క్‌లిఫ్ట్ వాడు తెచ్చి పెడతాడు." కాదనలేదు, లెక్క చూపించాను. ఒక్కో లైను గంటకు 320 బస్తాలు, అంటే 8 ప్యాలెట్లు. నిండింది తీసి ఖాళీది పెట్టడానికి మనిషికి నిమిషం. అంటే గంటలో 8 నిమిషాలు ఆ లైను ఆగి ఉంటుంది, బఫర్లో పట్టేది మూడు బస్తాలే. ఫోర్క్‌లిఫ్ట్ వాడు ఆ క్షణంలో అక్కడే ఉంటేనే నిమిషం. మ్యాగజైన్ లేకపోతే నా 660 గ్యారంటీ కూడా లేదని అదే కాగితం మీద రాశాను. బదులుగా స్ట్రెచ్ ర్యాపర్ తీసేయమన్నాను, అది నేనే జూన్‌లో రాసింది. ప్యాలెట్ ఫ్యాక్టరీ గేటు దాటనప్పుడు, గరుకు సంచి వస్తున్నప్పుడు, చుట్టూ ప్లాస్టిక్ ఎందుకు? ఆ మొత్తం తగ్గేసరికి బేరం సగం అయిపోయింది.

800 మాత్రం చివరి దాకా వెంటాడింది. అవతలివాళ్లు 800 ఇస్తున్నారు, మీరు 660 అంటున్నారు. డిస్పాచ్ రిజిస్టరు నకలు తీసి బల్ల మీద పెట్టాను, వాళ్లదే, వాళ్ల సంతకాలతో. "మీ కాటాలు ఎప్పుడైనా షిఫ్టంతా 800 ఇస్తే మరో రోబో కొనకుండా రెండో గ్రిప్పర్ తగిలించుకునేలా జాగా ఇప్పుడే వదులుతాను, వాల్వులకి కూడా. కానీ ఇప్పుడు దానికి డబ్బు పెట్టకండి." రాజుగారు మేనేజర్ గారి వైపు చూశారు. మేనేజర్ గారు కిటికీ వైపు చూశారు.

నవంబరు

పీవో (పర్చేజ్ ఆర్డరు) వచ్చింది. 30 శాతం అడ్వాన్సు, దానికి మా బ్యాంకు గ్యారంటీ. మా ఆఫీసులో మిఠాయి పంచారు, నేను మాత్రం ఆ సాయంత్రం మినహాయింపుల పేజీ ఇంకోసారి చదివాను. పునాది, కరెంటు ప్యానెల్ దాకా కేబుల్, పొడిగాలి, గరుకు సంచి, ఒకే కొలత ప్యాలెట్లు: ఇవి వాళ్ల వంతు. చివరిదాని దగ్గరే నాకు అనుమానం. వాళ్ల గోడౌన్లో ఇప్పుడున్న చెక్క ప్యాలెట్లు నాలుగు రకాలు, కొన్నిటికి పలక ఊడి మేకు పైకి లేచి ఉంది. మ్యాగజైన్‌లో అలాంటి ఒక్కటి ఇరుక్కుంటే లైను మొత్తం ఆగుతుంది. కొత్త ప్యాలెట్ డ్రాయింగ్, పలక మందంతో సహా, పీవోకి జతచేయించాను.

పునాది సంగతి కూడా తేలాలి. గోదావరి డెల్టా నేల, కొంచెం తవ్వితే నీళ్లు. గోడౌన్ గచ్చు లారీలకి చాలు, గానీ టన్నున్నర పైబడిన రోబో చేయి చాచి ఆగిన ప్రతిసారీ పడే కుదుపుకి చాలదు. బోల్టుల కింద విడిగా దిమ్మ పోయాలి. వాళ్ల సివిల్ కాంట్రాక్టర్ "ఇంత ఇనుము దేనికండీ, వంతెనా?" అన్నాడు. బలాల పట్టిక తయారీదారు ఇచ్చినదే పంపాం, దాని ప్రకారం వాళ్ల స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం చేశాకే తవ్వకం.

డిసెంబరు, మొదటి వారం

గ్రిప్పర్ మా వర్క్‌షాప్‌లో బిగింపు దశలో ఉంది. వేళ్ల కొసలు మొదటి నమూనాలో కాస్త పదునుగా ఉన్నాయి, సంచి నేత మీద గీతలు పడుతున్నాయని డిజైన్ వాళ్లు గుండ్రం చేశారు. వర్క్‌షాప్ పరీక్షకి వాళ్ల సంచులే కావాలి, గరుకు గీతలున్న కొత్తవి. సంచి సప్లయర్ ఇంకా నమూనా పంపలేదు. పాత సంచితో పరీక్ష పెట్టేద్దామని మా ప్రాజెక్టు మేనేజర్ అంటున్నారు, నేను ఒప్పుకోవట్లేదు.

ఆపరేటర్ శిక్షణకి ఎవర్ని పంపాలో వాళ్లు అడిగారు. కొత్త డిప్లొమా కుర్రాళ్ల పేర్లు రెండు వచ్చాయి. వాళ్లతో పాటు కుట్టు మిషన్ మీద పనిచేసే ఒకరిని కూడా పంపమని రాశాను. దారం తెగే ముందు మిషను శబ్దం మారుతుందని స్టూలు మీద కూర్చున్న రోజు ఆయనే నాకు చెప్పారు. బస్తా సరిగా రాకపోతే ఏ బటన్ నొక్కాలో ముందు తెలియాల్సింది ఆయనకే.

పెండింగ్: సంచి నమూనా, ప్యాలెట్ సప్లయర్ ఖరారు, దిమ్మ పోసే తేదీ, టీ దుకాణం అడ్డదారికి వేరే గేటు. చివరిదానికి సూపర్‌వైజర్ గారు చుట్టూ తిరిగి వెళ్లాల్సిన గేటు కాకుండా ఫెన్స్‌లోనే తలుపు అడుగుతున్నారు. ఇంటర్‌లాక్ ఉన్న తలుపు పెడితే తెరిచినప్పుడల్లా రోబో ఆగుతుంది. రోజుకి ఎన్నిసార్లు టీ తాగుతారో ఆయన్నే లెక్క వేసి పంపమన్నాను.